శాపము అనుకొన్నాము: జన్యు వైద్యుని దగ్గరకు ఎందుకు, ఎప్పుడు వెళ్ళాలి?

సుగ్గికి పోయి, గుడారాల దగ్గర కూర్చొని ఫోనులో ఈ ధ్యానము చదువుతున్న మన బిడ్డలకు ప్రత్యేకముగా వందనములు.

ఈ వారము వాక్యములోనికి వెళ్ళే ముందు మేము మీ యెదుట ఒక తప్పు ఒప్పుకోవాలి. చాలా దినములు మోసిన తప్పు ఇది.

ఎమ్మిగనూరుకు దగ్గరలో ఒక పల్లెలో మన సంఘ కుటుంబము ఒకటి ఉంది. వాళ్ళ అనుమతితోనే వ్రాస్తున్నాము. పేర్లు, ఊరు చెప్పము. అబ్బాయి మగ్గము నేస్తాడు. అతనికి తన సొంత అక్క కూతురినే ఇచ్చి చేసినారు. మన ప్రాంతములో ఇది కొత్త కాదు కదా. చిన్నప్పటి నుండి మామా అని పిలిచినవాడే భర్త అయినాడు, అవ్వా అని పిలిచిన ఆమే అత్త అయినది. ఆ పెండ్లి జరిపించినది మేమే.

ఏడాదిన్నరకు మగబిడ్డ పుట్టినాడు. మంచి బరువుతో, ఏ లోపము లేకుండా పుట్టినాడు. పదవ దినము నుండి పాలు కక్కడము మొదలైనది. కండ్లు లోపలికి పోయినాయి. రెండవ వారము ముగిసే లోపల బిడ్డ లేడు. ఆదరణ కూడిక పెట్టి, ఇచ్చినవాడు దేవుడు, తీసుకొన్నవాడు దేవుడు అని చెప్పి వచ్చినాము. రెండేండ్లకు మరల మగబిడ్డ. మరల అదే తీరు. ఆదోనికి తీసుకొని పోతుండగా దారిలోనే ఆటోలో పోయినాడు.

ఊర్లో పెద్ద ఆడవాళ్ళు దిష్టి అన్నారు. మేము దిష్టిని నమ్మము. కానీ మేము అన్న మాట దానికంటే మేలైనది కాదు. ఈ ఇంటి మీద ఏదో శాపము ఉన్నది అన్నాము. మూడు దినములు ఉపవాస ప్రార్థన పెట్టినాము. దాచిన పాపములు ఏవైనా ఉంటే ఒప్పుకోండి అని ఆ ఇంట్లో అందరినీ అడిగినాము.

మూడవ దినము సాయంత్రము ఆ పిల్ల పాస్టరమ్మ గారి దగ్గరకు వచ్చి, కొంగు నోటికి అడ్డము పెట్టుకొని అడిగింది: "అమ్మగారూ, నేను చిన్నప్పుడు కానుకల పెట్టెలో నుంచి రెండు రూపాయలు తీసుకొంటి. దానికేనా?"

పాస్టరమ్మ గారు ఆ రాత్రి ఈ మాట మాకు చెప్పినప్పుడు అన్నము తినబుద్ధి కాలేదు. ఇరవై ఏండ్లు నిండీ నిండని పిల్ల. రెండు రూపాయలకు ఇద్దరు బిడ్డలను తీసుకొనే దేవుడిని ఆమెకు చూపించినది ఎవరు? మేమే. అయినా అప్పుడు మాకు వేరే జవాబు తెలియదు. ఆ ఇంట్లో మాత్రము అబ్బాయికి వేరే సంబంధము చూడాలనే మాటలు మొదలైనాయి.

మూడవ కాన్పుకు ఏడవ నెలలో ఒక డాక్టరమ్మ ఆమెను పరీక్ష చేస్తూ మూడు ప్రశ్నలు అడిగినారు. ఇద్దరూ ఏ వయస్సులో పోయినారు? ఇద్దరిలోనూ ఒకే విధమైన లక్షణాలా? భార్యాభర్తలు రక్తసంబంధీకులా? మేము మూడు దినములు ఉపవాసము చేయించినాము గానీ ఈ మూడు ప్రశ్నలు అడగలేదు. ఆ డాక్టరమ్మ ఒక చీటీ వ్రాసి, హైదరాబాదులో జన్యు వైద్య నిపుణుల దగ్గరకు వెళ్ళమన్నారు. భయపడుతున్నారని మేమూ వాళ్ళతో రాత్రి బస్సు ఎక్కినాము.

అక్కడి డాక్టరు గారు మొదట సూది తీసుకోలేదు, కాగితము తీసుకొన్నారు. మగవారికి చదరము, ఆడవారికి గుండ్రము. పెండ్లికి మధ్యలో ఒక గీత. రక్తసంబంధములో పెండ్లి అయితే రెండు గీతలు. అవ్వ తరము నుండి మొదలుపెట్టి ఎవరు ఎవరిని చేసుకొన్నారు, ఎవరు చిన్నప్పుడే పోయినారు అని అడుగుతూ వ్రాసుకొంటూ పోయినారు. అవ్వకు పుట్టి పురిట్లోనే పోయిన ఒక మగబిడ్డ సంగతి అక్కడే బయటపడింది. నలభై ఏండ్లుగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది. మత్తయి సువార్త మొదటి అధ్యాయములో వంశావళి చదివేటప్పుడు మనము త్వరత్వరగా దాటేస్తాము. ఆ కాగితము చూసిన తరువాత మేము దాన్ని అట్లా దాటలేకపోతున్నాము.

తల్లిదండ్రుల రక్తపరీక్షలు వచ్చిన తరువాత సంగతి తేలింది. మూత్రపిండాల పైన ఎడ్రినల్ అనే చిన్న గ్రంథులు ఉంటాయి. పుట్టుకతోనే అవి సరిగా పని చేయని జబ్బు ఒకటి ఉంది. దాని పేరు కంజెనిటల్ ఎడ్రినల్ హైపర్‌ప్లేసియా. దాని తీవ్రమైన రకములో శరీరములోని ఉప్పు మూత్రములో పోతూ ఉంటుంది. ఒకటి రెండు వారములు గడిచేసరికి బిడ్డ వాంతులు చేసుకొని, ఎండిపోయి, ప్రాణము పోతుంది. ఆడబిడ్డ అయితే పుట్టినప్పుడే శరీరములో తేడా కనిపించవచ్చు. మగబిడ్డకు పైకి ఏమీ కనిపించదు. అందుకే ఇద్దరు బిడ్డలు ఎందుకు పోయినారో ఎవరికీ తెలియలేదు.

అది ఎట్లా వస్తుందో ఆ అబ్బాయే తర్వాత ఇంట్లో వాళ్ళకు చెప్పినాడు, మగ్గము భాషలో. మనకు ప్రతి జన్యువు రెండు ప్రతులుగా వస్తుంది, తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి. "పడుగులో ఒక పోగు తెగినా పేక పట్టుకొంటాది. పడుగూ పేకా రెండూ ఒకే చోట తెగితే గుడ్డకు చిల్లి పడతాది" అన్నాడు. భార్యలోనూ భర్తలోనూ ఒక్కొక్క ప్రతిలోనే లోపము ఉంది. వాళ్ళకు జబ్బు లేదు. కానీ ఇద్దరి నుండీ లోపమున్న ప్రతే వచ్చిన బిడ్డకు జబ్బు వస్తుంది. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశము. ముందు ఇద్దరు పోయినారు కాబట్టి ఈసారి రాదు అని లేదు, తప్పక వస్తుందనీ లేదు.

మూడవ బిడ్డ ఆసుపత్రిలో పుట్టినది, ఆడబిడ్డ. రక్తపరీక్షలో జబ్బు ఉన్నదని తేలింది. రెండవ వారము రాకముందే మందులు మొదలుపెట్టినారు. హైడ్రోకార్టిసోన్ మాత్రలు, ఉప్పు నిలుపుకొనే మరొక మాత్ర, పసితనములో కొంచెము ఉప్పు. జీవితాంతము వాడాలి. జ్వరము వస్తే మోతాదు పెంచాలి, వాంతులు అయితే ఆలస్యము చేయకుండా సూది వేయించాలి. ఆ పాప ఇప్పుడు అంగన్‌వాడీకి పోతుంది. మందిరములో మేము వాక్యము చెప్పేటప్పుడు ముందు వరుసలో కూర్చొని చెప్పులు లెక్కపెడుతుంది.

సంతోషముతో ముగించవచ్చు. కానీ మరొక మాట ఉంది. హైదరాబాదు నుండి వచ్చిన తరువాత అవ్వ మా ఇంటికి వచ్చి గడప దగ్గరే కూర్చున్నది. "అయితే అయ్యగారూ, ఇది నా ఇంటి నుంచే వచ్చినాదా? మనవరాలిని అన్నానే" అని ఏడ్చింది. కోడలి మీద వేసిన నింద తిరిగి ఆమె మీదనే పడింది. ఈసారి మేము తొందరపడలేదు. డాక్టరు గారు చెప్పిన మాటే చెప్పినాము. ఇట్లాంటి లోపములు పైకి తెలియకుండా కొన్ని ప్రతి మనిషిలోనూ ఉంటాయి, మాలోనూ ఉన్నాయి. ఎవరూ కోరి తెచ్చుకోలేదు, ఎవరూ కోరి ఇవ్వలేదు. మా తల్లిదండ్రులదీ మేనరికమే. మా ఇంటి కాగితము మీదా రెండు గీతలు ఉన్నాయి.

ఇప్పుడు వాక్యములోనికి రండి. యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టుగుడ్డివాడిని చూసిన శిష్యులు అడిగినది మన ప్రశ్నే. ఈ పాపము వాడిదా, కన్నవారిదా? ప్రభువు రెండూ కాదన్నాడు. వాడిలో దేవుని పని కనబడాలని చెప్పి, అక్కడితో ఆగకుండా వంగి, మట్టి కలిపి, కండ్లకు పూసి పని మొదలుపెట్టినాడు. మేము ఆ ఇంట్లో శిష్యుల ప్రశ్న దగ్గరే నిలిచిపోయినాము. తండ్రుల దోషము మూడు నాలుగు తరములు అనే మాట పట్టుకొని బాధపడేవారు యెహెజ్కేలు 18వ అధ్యాయము కూడా చదవండి. తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పండ్లు పులిసినాయి అనే సామెత ఇక మీరు పలకకూడదని దేవుడే అక్కడ ఆపినాడు.

వైద్యుని దగ్గరకు పోవడము అవిశ్వాసము అనేవారు ఆసా రాజు సంగతి చెబుతారు. ఆసా తప్పు వైద్యులను వెదకడము కాదు, దేవుని విడిచిపెట్టడము. హిజ్కియా కురుపుకు అత్తిపండ్ల ముద్ద కట్టించినది ప్రవక్త అయిన యెషయానే. లూకా వైద్యుడు.

ఈ జన్యు విద్య కూడా దేవునికి దూరముగా పుట్టినది కాదు. బఠాణీ మొక్కలు పెంచి, గుణములు తరతరములకు ఎట్లా దిగుతాయో లెక్క కట్టి 1866లో ప్రచురించిన గ్రెగర్ మెండెల్ ఒక మఠములోని సన్న్యాసి. 1902లో ఇంగ్లండు వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్ ఒక అరుదైన జబ్బును గూర్చి వ్రాస్తూ, ఆ బిడ్డల తల్లిదండ్రులలో చాలామంది దగ్గరి బంధువులని గమనించినాడు. డౌన్ సిండ్రోమ్ బిడ్డలలో 21వ క్రోమోజోము ఒకటి ఎక్కువగా ఉంటుందని 1959లో చూపినవారిలో ముఖ్యుడైన ఫ్రాన్సు వైద్యుడు జెరోమ్ లెజ్యూన్ గట్టి విశ్వాసి.

ఇక మన సంగతి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో పెండ్లి అయిన స్త్రీలలో దాదాపు నాలుగో వంతు మంది రక్తసంబంధీకులనే చేసుకొన్నవారు. యాకోబు మేనమామ కూతుళ్ళను చేసుకోలేదా అని మన పెద్దలు అడుగుతారు. చేసుకొన్నాడు. మేనరికము పాపమని మేము చెప్పడము లేదు. మేనరికమైన ప్రతి ఇంట్లో జబ్బు వస్తుందనీ చెప్పడము లేదు. ఏ దంపతులకైనా పుట్టే వందమంది బిడ్డలలో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక పెద్ద లోపము ఉండవచ్చు. మేనత్త, మేనమామ పిల్లల పెండ్లిలో దానికి సుమారు మరొక ఇద్దరు ముగ్గురు కలుస్తారు. అంటే ఎక్కువమంది బిడ్డలు ఆరోగ్యముగానే పుడతారు. అక్క కూతురిని చేసుకొంటే సంబంధము ఇంకా దగ్గరిది కాబట్టి ప్రమాదము ఇంకా ఎక్కువ. ఇంట్లో ముందే ఒక జబ్బు ఉండి, మరల అదే ఇంట్లో సంబంధము కలుపుకోవడము దగ్గర మాత్రము ఆగి ఆలోచించాలి.

జన్యు వైద్యుని దగ్గరకు ఎప్పుడు వెళ్ళాలో మేము డాక్టరు గారిని అడిగి వ్రాసుకొన్నాము.

మొదటిది, కారణము తెలియకుండా బిడ్డలు పురిట్లోనో పసితనములోనో పోయినప్పుడు, ముఖ్యముగా ఇద్దరు ఒకే తీరుగా పోయినప్పుడు.

రెండవది, రెండు మూడు సార్లు గర్భము నిలువకపోయినప్పుడు. ఇట్లాంటప్పుడు భార్యకు మాత్రమే కాదు, భర్తకూ క్రోమోజోముల పరీక్ష చేస్తారు. ఇది మన అత్తలు వినాలి.

మూడవది, బిడ్డ పుట్టుకతో ఏదైనా అవయవ లోపముతో ఉన్నప్పుడు, పుట్టుకతో చెవుడు ఉన్నప్పుడు, మెడ నిలపడము, కూర్చోవడము, మాటలు బాగా ఆలస్యమైనప్పుడు, నేర్చినవి మరచిపోతున్నప్పుడు, కారణము లేని ఫిట్సు వస్తున్నప్పుడు.

నాలుగవది, నాలుగైదు ఏండ్ల మగబిడ్డ తరచుగా పడిపోతూ, పిక్కలు లావుగా ఉండి, నేల మీద నుండి లేచేటప్పుడు తొడల మీద చేతులు ఆనించి లేస్తున్నప్పుడు. ఇది కండరాల జబ్బు కావచ్చు. సోమరితనము అని కొట్టవద్దు.

ఐదవది, చిన్న దెబ్బకే రక్తము ఆగకపోవడము, మాటిమాటికి రక్తము ఎక్కించవలసి రావడము. హిమోఫిలియా, తలసీమియా ఇట్లాంటివే.

ఆరవది, ఒకే వంశములో పలువురికి చిన్న వయస్సులోనే రొమ్ము, అండాశయ, పేగు క్యాన్సరులు వచ్చినప్పుడు.

ఏడవది, గర్భవతి స్కానింగులో తేడా కనిపించినప్పుడు, తల్లి వయస్సు 35 దాటినప్పుడు, ఇంట్లో పై వాటిలో ఒకటి ఉండి రక్తసంబంధములో పెండ్లి అనుకొంటున్నప్పుడు.

ఎక్కడికి వెళ్ళాలి? ముందు మీ ఆశా కార్యకర్తకు, పీహెచ్‌సీ డాక్టరుకు చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమములో 18 ఏండ్ల లోపు పిల్లల పుట్టుక లోపములు, ఎదుగుదల ఆలస్యములు ఉచితముగా పరీక్షించి పై ఆసుపత్రులకు పంపుతారు. హైదరాబాదులో నిజామ్స్ ఆసుపత్రిలో జన్యు వైద్య విభాగము ఉంది. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ దానితో కలిసి పని చేస్తుంది. ఆదోని నుండి గుంతకల్లు మీదుగా రైలులో పోగలిగే బెంగళూరులో సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్, ఇందిరాగాంధీ పిల్లల ఆరోగ్య సంస్థ ఉన్నాయి. 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానములో ఈ రెండు పట్టణముల సంస్థలకూ చోటు ఉంది. ఆ విధానము క్రింద అర్హమైన జబ్బులకు 50 లక్షల రూపాయల వరకు సహాయము దొరికే ఏర్పాటు ఉంది. 1900లో ఐడా స్కడ్డర్ అమ్మగారు మొదలుపెట్టిన వేలూరు సీఎంసీలోనూ జన్యు వైద్యులు ఉన్నారు.

వెళ్ళేటప్పుడు పాత కాగితములన్నీ తీసుకొని పోండి. పోయిన బిడ్డల ఫోటోలు, స్కానింగులు, ఆసుపత్రి చీటీలు పారవేయకండి. రెండు వైపులా మూడు తరముల సంగతి పెద్దవారిని అడిగి వ్రాసుకోండి. ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి. జబ్బు తేలకుండానే బిడ్డ ప్రాణాపాయములో ఉంటే, పరీక్షకు కొంచెము రక్తము దాచమని డాక్టరును అడగండి. మన కుటుంబములోని మొదటి ఇద్దరు బిడ్డలది ఒక్క చుక్క కూడా లేకపోయినందువలన ఎంత వెదకవలసి వచ్చిందో మేము చూసినాము.

పరీక్ష అంటే కడుపు తీయించుకోమంటారేమో అని చాలామంది భయపడతారు. అక్కడ ఎవరూ బలవంతము చేయలేదు. ఏమి ఉన్నదో చెప్పినారు, ఏమి చేయవచ్చో చెప్పినారు, నిర్ణయము దంపతులకు విడిచిపెట్టినారు. ప్రాణము దేవునిదని మేము నమ్ముతాము, అదే బోధిస్తాము. కానీ ఈ పాప బ్రతికినది ఆ పరీక్ష వలననే అని కూడా చెప్పాలి. ఆడా మగా అని మాత్రము ఎవరినీ అడగవద్దు. 1994 చట్టము ప్రకారము అది నేరము, దేవుని యెదుట అంతకంటే పెద్దది.

అన్ని జబ్బులకూ మందు లేదు. కొన్ని ఇండ్లలో జబ్బు పేరు మాత్రమే దొరుకుతుంది, మాత్ర దొరకదు. అయినా ఆ పేరుకు విలువ ఉంది. రెండు రూపాయల కోసము ఏడ్చే తల్లి ఆ దినము నుండి నిద్రపోతుంది.

హైదరాబాదులో సుమారు 18,300 మంది పసిబిడ్డల రక్తమును పరీక్షించి 2004లో ప్రచురించిన అధ్యయనములో, మేము చెప్పిన ఈ జబ్బు సుమారు 2,600 మందిలో ఒకరికి కనిపించింది. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపము సుమారు 1,700 మందిలో ఒకరికి. రెండింటికీ మాత్రలు ఉన్నాయి. మడమ దగ్గర తీసే కొన్ని రక్తపు చుక్కలతో రెండూ తెలుస్తాయి. కాన్పు అయిన ఆసుపత్రిలో ఈ పరీక్ష ఉన్నదా అని అడగండి.

సంఘ పెద్దలతో మాట్లాడి మేము ఒక నిర్ణయము తీసుకొన్నాము. ఇక మీదట పెండ్లి ప్రకటనలు చదివే ముందు రెండు కుటుంబములతో కూర్చొని, రక్తసంబంధము ఉన్నదా, ఇంట్లో పసిబిడ్డలు పోయినారా, పుట్టుకతో జబ్బులు ఉన్నాయా అని ఏకాంతముగా అడుగుతాము. విన్నది గడప దాటదు. పెండ్లి ఆపడానికి కాదు, పంపవలసినవారిని డాక్టరు దగ్గరకు పంపడానికి. బస్సు ఖర్చులకు లేనివారికి కానుకల పెట్టెలో నుండే ఇస్తాము. ఆ పెట్టె మీద ఆ పిల్లకు ఉన్న భయము ఆ విధముగానైనా తీరాలని మా ఆశ.

ప్రార్థన చేసుకొందాము. తండ్రీ, తెలియక మేము మోపిన నిందలను క్షమించుము. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులను ఆదరించుము. శాపము అనే మాట మా నోట నుండి తీసివేయుము. ఓర్పుతో అడిగే వైద్యులను, ధైర్యముగా వెళ్ళే కుటుంబములను ఆశీర్వదించుము. ఎవరి వెంట నడవాలో మాకు చూపించుము. యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.